పోవుడు వేరు

1984 జనవరి 5

ఈ రోజు ఒక ఆఫీసరు నన్ను 'అనీస్ గారూ' అన్నాడు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

కొత్త పర్సనెల్ ఆఫీసర్. పేరు రాజేశ్వర్ రావు. మా కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీకి ఇన్నేళ్ళుగా ఒక మేనేజర్ ఉన్నాడు, టైం కీపర్ కట్టయ్య ఉన్నాడు, ఒక గేటు ఉంది. పర్సనెల్ ఆఫీసర్ అనే మనిషి మాత్రం లేడు. ఈయన హైదరాబాదులో దాని గురించే చదివాడట. పనిచేసేవాళ్ళ మంచిచెడ్డలు చూడటం కూడా ఒక చదువేనని ఇవాళే తెలిసింది.

మల్లక్కకు మాత్రం నచ్చలేదు. "గంత మెత్తగ మాట్లాడుతాండంటే ఏదో పనుండే ఉంటది బిడ్డా" అంది. మల్లక్కకు గట్టిగా మాట్లాడినా నచ్చదు, మెత్తగా మాట్లాడినా నచ్చదు. నాకు పని నేర్పింది ఆమే కాబట్టి నేను నవ్వి ఊరుకున్నాను.

జనవరి 19

రావు సార్ మా లైన్ దగ్గరికి వచ్చాడు. కడిగిన సీసాలు ట్యూబ్‌లైటు ముందు నుంచి వరసగా పోతుంటాయి. మేం ఆడవాళ్ళం స్టూళ్ళ మీద కూర్చుని కళ్ళార్పకుండా చూడాలి. లోపల మట్టి ఉన్నా, పురుగున్నా, గాజుకు పగులున్నా తీసి పక్కన పెట్టాలి. యాకమ్మను లేపి ఆయన ఆమె స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికే కళ్ళలో నీళ్ళు కారాయి. లేచి, షిఫ్ట్ అంతా ఎట్లా చూస్తారమ్మా అన్నాడు.

మా స్టూలు మీద కూర్చున్న ఆఫీసరును ఎప్పుడూ చూడలేదు.

జనవరి 27

స్టూళ్ళకు వీపు ఆనించుకునే చెక్కలు కొట్టించారు.

ఫిబ్రవరి 10

మేడారం జాతరకు సెలవిచ్చారు. ఇది రాసిపెట్టుకోవలసిన మాట. రెండేళ్ళకోసారి జాతర వస్తుంది, మావాళ్ళు చెప్పకుండా పోతారు, తిరిగొస్తే గేటు దగ్గర పని లేదంటారు. ఈసారి రావు సారే వచ్చి, ఎవరెవరు పోతారో ముందే చెప్పండి, వచ్చాక మీ జాగా మీకే ఉంటుంది అన్నాడు. మొదట మల్లక్క చెయ్యెత్తింది. ఆమె వెనక అందరూ ఎత్తారు.

ఫిబ్రవరి 21

పోయినవాళ్ళందరూ తిరిగి పనిలోకి వచ్చారు. ఎవరినీ ఆపలేదు.

మల్లక్క సాయంత్రం మండిబజార్‌లో మా ఇంటికి వచ్చి అమ్మీ చేతిలో బంగారం పెట్టింది. బంగారమంటే సమ్మక్కకు ఇచ్చిన బెల్లం. అమ్మీ కళ్ళకద్దుకుని డబ్బాలో దాచింది. పోయేటప్పుడు గడప దగ్గర మల్లక్క, ఆ సారు మంచోడే ఉన్నడు గని అంది. ఆ 'గని' తర్వాత ఏమీ అనలేదు.

మార్చి 7

రావు సార్ ఆఫీసు గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

మా సంగతి ఆయనకు అంతా తెలుసు. ఎండాకాలం సీసాలు ఎక్కువ పోతాయి కాబట్టి పిలుస్తారు. వానలు పడగానే పొమ్మంటారు. ఎండలకు సీసాలు నింపి పెట్టాలని మళ్ళీ జనవరిలోనే పిలుస్తారు. అందుకని నేను ఆరేళ్ళుగా ప్రతి ఏడూ కొత్తగా చేరుతున్నాను. మల్లక్క నాకంటే ఎంతో ముందు నుంచీ ఉంది. ఆమె కూడా ప్రతి ఏడూ కొత్తదే. ఈ ఏడు కొత్త మిషన్ వచ్చింది, వానాకాలం కూడా ఫ్యాక్టరీ నడుస్తుంది, ఆడవాళ్ళను పర్మినెంట్ చేద్దామని తాను పైవాళ్ళను అడిగానని చెప్పాడు. నా చెవులను నేనే నమ్మలేదు.

అయితే పని నేర్చినవాళ్ళు చాలామంది మానేసి పోతున్నారట. ఎందుకు పోతున్నారో కంపెనీకి తెలియదట. నేను అడిగితే ఎవరూ చెప్పరు, మీరు అడిగితే చెప్తారు అన్నాడు. ఎవరికి పోవాలని ఉందో, ఎందుకుందో తెలిస్తే ఆ కారణాలు లేకుండా చెయ్యొచ్చు అన్నాడు. పేర్లు ఈ గది దాటవని కూడా చెప్పాడు.

నేను ఎస్సెస్సీ పాసయ్యాను. ఆ చదువు పనికొచ్చే పని ఇన్నేళ్ళకు దొరికిందనుకున్నాను.

మార్చి 11, ఆదివారం

బస్సెక్కి హసన్‌పర్తిలో మల్లక్క ఇంటికి పోయాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తిన్నాక విషయం చెప్పాను.

ఆమె కుడి చెయ్యి చాపింది. పోయినేడు నింపే మిషన్ దగ్గర సీసా పేలి ఆమె రెండు వేళ్ళ నరాలు తెగాయి. అవి ఇప్పటికీ ముడవవు. చెరువు కింద చెల్లెలికి కూరగాయల మడి ఉంది, వానలు పడంగానే అక్కడికి పోయి కూరగాయలమ్ముకుందామని మనసులో ఉంది అని చెప్పింది. సీసా టప్పుమన్నప్పుడల్లా గుండె జల్లుమంటుందట. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నాను, ఆ మాట నాకు తెలియదు.

ఇది సారుకు చెప్పనా అని అడిగాను.

"నువ్వు నమ్ముతానవా ఆయనను?"

నమ్ముతున్నానన్నాను.

"అయితే చెప్పు. నువ్వు నమ్మితే నేను నమ్మినట్టే."

మార్చి 18, ఆదివారం

ఇవాళ ఇంకొందరి ఇళ్ళకు పోయాను. ఒకామెకు సాయంత్రం షిఫ్ట్ అయ్యాక ఇంటికి చేరే బస్సుండదు. ఇంకొకామె, ఒంటికి పోయే ఆడవాళ్ళ గదికి తలుపు లేక పొద్దంతా నీళ్ళు తాగకుండా ఉంటుంది. నీళ్ళు నింపే ఫ్యాక్టరీలో.

యాకమ్మకు చంటిపిల్ల. ఇంట్లో అత్త దగ్గర వదిలి వస్తుంది. "పాలు చేపుకొచ్చి రైక తడుస్తాంటే, నాకు సీసాల ఏం కనపడ్తది అక్కా. మానేద్దామనుకుంటాన" అంది. పిల్ల పేరు అడిగాను. కాల్వ పక్కన కల్లంలో పుట్టిందట, అయినా పేరు మహారాణి.

ఎవరికీ పని మీద కోపం లేదు. పని బాగానే ఉంది. పోవాలనిపించేది వేరే వాటి వల్ల.

మార్చి 26

రావు సారుకు పేర్లతో సహా అన్నీ చెప్పాను. ఆయన ఒక్క అక్షరం కూడా రాసుకోలేదు, ఊరికే విన్నాడు. అందుకే ఇంకా నమ్మాను. మహారాణి అనే పేరుకు నవ్వాడు.

ఏప్రిల్ 9

చేతి తొడుగులు వచ్చాయి. ఆడవాళ్ళ గదికి తలుపు కూడా.

ఏప్రిల్ 24

యాకమ్మ అత్త మధ్యాహ్నం పిల్లను గేటు దాకా తెస్తోంది. కట్టయ్య తన గది ఖాళీ చేసి ఇస్తున్నాడు. యాకమ్మ పాలిచ్చి వచ్చి కూర్చుంటుంది. ఆమె మొహమే మారిపోయింది.

మల్లక్క తొడుగులు వేసుకుని చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. దొరసాని లెక్క ఉన్ననా అని అడిగింది. తర్వాత, ఎవరూ వినకుండా, "ఉంటనేమో బిడ్డా. పర్మినెంట్ చేసినంక సూద్దాం" అంది.

మే 3

మల్లక్క ఉంటుందట, యాకమ్మ కూడా మానేయదట, మిగతావాళ్ళు కూడా ఇప్పుడు పోయే మాట ఎత్తడం లేదు అని రావు సారుకు చెప్పాను. చాలా సంతోషం అనీస్ గారూ అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. నేను ఆ మొహం చూశాను. ఈ మాట గట్టిగా రాస్తున్నాను.

మే 17

ఎండకు రేకులు కాలిపోతున్నాయి. సీసాలు రాత్రింబవళ్ళు పోతున్నాయి. నన్ను స్టాఫ్‌లోకి తీసుకుంటారట. వెల్ఫేర్ అసిస్టెంట్. జూన్ నుంచి. ఆఫీసులో టేబుల్ ఉంటుంది. అమ్మీ కుట్టుమిషన్ ఆపి, మీ నాన్న ఉంటే బాగుండేది అంది.

జూన్ 4, పొద్దున

కట్టయ్య గేటు దగ్గర మల్లక్కను ఆపాడు. యాకమ్మను ఆపాడు. గోడకు ఉండే చట్రంలో, వచ్చిపోయే వేళ గుద్దే వాళ్ళ టైం కార్డులు లేవు. కార్డు లేదంటే పని లేనట్టే. నాది ఉంది.

జూన్ 4, సాయంత్రం

నేను ఎవరెవరి ఇళ్ళకు పోయానో, ఎవరెవరు పోవాలనుకుంటున్నామని నాతో అన్నారో, సరిగ్గా వాళ్ళందరి కార్డులూ తీసేశారు. నాతో ఏమీ చెప్పనివాళ్ళ కార్డులు ఉన్నాయి.

కట్టయ్య మొహం ఎత్తకుండా, పైనుంచి ఆర్డరమ్మా, నాదేం లేదు అన్నాడు. యాకమ్మ అత్త మధ్యాహ్నం పిల్లను తీసుకుని ఎప్పటిలాగే వచ్చిందట. గేటు బయట యాకమ్మే ఎదురయింది.

మల్లక్క నన్ను ఒక్కసారి చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇప్పుడు అన్నం మెతుకు లోపలికి పోయేది. రంజాను రోజా విడిచాక అమ్మీ పెట్టింది పెట్టినట్టే ఉంది.

జూన్ 5

రావు సార్ గదికి పోయాను. ఆయన కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

పర్మినెంట్ కొందరికే ఇవ్వాలని పైవాళ్ళు తేల్చారట. ఎవరిని తీసేయాలి అని అడిగారట. ఉండేవాళ్ళను ఉంచి, పోయేవాళ్ళను పంపడమే న్యాయమని అనిపించిందట. ఎట్లాగూ పోతామన్నవాళ్ళే కదా అన్నాడు.

మే నెలలో నేను చెప్పిన మాట గుర్తు చేశాను. ఉంటామన్నారు కదా సార్ అన్నాను.

మనిషి ఒకసారి పోవాలనుకుంటే ఆ ఆలోచన పూర్తిగా పోదు, పుస్తకాల్లో కూడా అదే ఉంది అన్నాడు.

పేర్లు గది దాటవన్నారు కదా అన్నాను. దాటలేదన్నాడు. పైవాళ్ళలో జనరల్ మేనేజర్ ఈ గదికే వచ్చి విన్నాడట.

ఆయన అబద్ధం చెప్పలేదు. అది తలచుకుంటే ఒళ్ళు మండుతోంది.

జూన్ 7

లైన్‌లో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

జూన్ 10, ఆదివారం

అమ్మీ వద్దన్నా హసన్‌పర్తి పోయాను. మల్లక్క అరుగు మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు. నిలబడే మాట్లాడాను. నాకు తెలియదక్కా అన్నాను. నన్ను కూడా మోసం చేశాడు అన్నాను.

"నిన్ను మోసం చేసిండు, నిజమే. గని నీ కార్డు ఉన్నది, నా కార్డు లేదు" అంది.

ఎట్లాగూ పోదామనుకున్నావు కదక్కా, చెల్లెలి మడి ఉంది కదా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఊరడించాలని అన్నాను. అన్నాక నా నోట్లో రావు సార్ మాటే ఉందని తెలిసింది.

మల్లక్క లేచి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

"నేను పోవుడు వేరు బిడ్డా, ఆళ్ళు ఎల్లగొట్టుడు వేరు. పోయేనాడు అందరికి చెప్పి, గా కట్టయ్యకు సుత మొక్కి, తలెత్తుకొని పోదామనుకున్న. గట్ల పోనియ్యలె నన్ను."

లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

జూన్ 14

వాళ్ళంతా కలిసి హన్మకొండ లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టారు. వాళ్ళంతట వాళ్ళే మానేశారని కంపెనీ జవాబిచ్చింది.

రావు సార్ పిలిచాడు. ఇరవయ్యో తారీఖు విచారణ ఉంది, మీరు రావాలి అన్నాడు. అబద్ధం చెప్పమనడం లేదు, పోవాలనుకుంటున్నామని వాళ్ళు మీతో అన్నారా లేదా, అంతే చెప్పండి, నిజమే చెప్పండి అన్నాడు. నా స్టాఫ్ ఆర్డరు సంతకం కోసం ఆగి ఉందట. ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నాడు.

జూన్ 19

పోకపోతే కంపెనీ మాటే నిజమవుతుంది. పోతే నా నోటితోనే నిజమవుతుంది. అమ్మీని అడిగాను. సగం నిజం చెప్పి రోజా ఎట్లా విడుస్తావు అంది.

జూన్ 20

విచారణ అయింది.

లేబర్ ఆఫీసర్ పెద్దమనిషి. మెల్లగా మాట్లాడతాడు. ఒక బెంచీ మీద మావాళ్ళు, ఎదురుగా రావు సార్. యాకమ్మ పిల్లను ఎత్తుకుని వచ్చింది. మల్లక్క కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నేను ఏ బెంచీ మీద కూర్చోవాలో తెలియక నిలబడ్డాను.

వీళ్ళు పని మానేస్తామని మీతో చెప్పారా అని ఆఫీసర్ అడిగాడు.

చెప్పారన్నాను.

మావాళ్ళ బెంచీ మీద ఎవరో అయ్యో అన్నారు. రావు సార్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను చెప్తున్నప్పుడు ఎన్నడూ రాసుకోని మనిషి.

ఇంకా చెప్పాలి సార్ అన్నాను. పోవాలనుందని చెప్పారు, ఎందుకుందో కూడా చెప్పారు, అది కూడా వినండి అన్నాను. మల్లక్క వేళ్ళ సంగతి చెప్పాను. తలుపు లేని గది సంగతి చెప్పాను. యాకమ్మ రైక సంగతి ఇంతమంది మగవాళ్ళ ముందు ఎట్లా చెప్పాలో తెలియక ఆగితే, యాకమ్మే లేచి చెప్పింది. తొడుగులు వచ్చాక, తలుపు వచ్చాక ఉంటామన్నారు, ఆ మాట నేనే ఈ సారుకు మే నెలలో చెప్పాను అన్నాను. పోవాలనుకునుడు పోయినట్టు కాదు సార్ అన్నాను. ఎప్పుడూ పుస్తకం భాషలో మాట్లాడదామని చూస్తాను, అక్కడ మాత్రం ఇంటి మాటే వచ్చింది.

ఆఫీసర్ రావు సార్ వైపు తిరిగి, ఈమె మీకు అట్లా చెప్పిందా అని అడిగాడు.

రావు సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గుర్తు లేదన్నాడు.

బయట మెట్లు దిగుతుంటే యాకమ్మ చంకలో పిల్ల ఏడ్చింది. రావు సార్ ఆగి, మహారాణికి ఒంట్లో బాగుందా అని అడిగాడు. పిల్ల పేరు కూడా గుర్తున్న మనిషికి అదొక్కటే గుర్తు లేదు.

జూన్ 21

స్టాఫ్ ఆర్డరు రాదని కట్టయ్య చెప్పాడు. నేను అడగలేదు.

జూలై 9

లైటు దగ్గర నుంచి తీసి, వెనక యార్డులో ఖాళీ క్రేట్లు కడిగే పనిలో వేశారు. పైన రేకు లేదు, వానలో తడుస్తూ కడగాలి. ఎవరూ నన్ను పొమ్మనరు. నేనే పోతానని అనాలి. అందుకే ఇది.

జూలై 16

ముగ్గురు మానేశారు. వాళ్ళ కార్డులు ఎవరూ తీసేయలేదు, నాతో ఎన్నడూ ఏమీ చెప్పినవాళ్ళు కూడా కాదు. ఇవాళ వాళ్ళకు చేసింది రేపు మాకు చేయరా అని అనుకున్నారట. ఉండేవాళ్ళనే ఉంచామన్నాడు రావు సార్. ఉండేవాళ్ళూ పోతున్నారు.

కట్టయ్య కూడా అన్నాడు, "నేను సుత పోదామనుకుంటాన అమ్మా, గని ఈ వయసుల ఎవడు తీసుకుంటడు." వెంటనే, ఎవరికీ చెప్పకు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది.

జూలై 30

లేబర్ ఆఫీసులో రాజీ కుదిరింది. కంపెనీ వాళ్ళను తిరిగి తీసుకుంటుంది. అయితే కొత్తవాళ్ళుగా, పాత ఏళ్ళు లెక్కలోకి రావు. యాకమ్మ ఒప్పుకుంది, పిల్లకు పాల కోసం గేటు దగ్గరికి రానివ్వాలని రాయించుకుంది. మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. మల్లక్క ఒప్పుకోలేదు. ఆఫీసర్ ఎంత చెప్పినా, కొత్తదాన్ని గాను అందట, అంతే.

వాళ్ళు లోపలికి వచ్చేదాకా ఈ యార్డు వదలకూడదని నిర్ణయించుకున్నాను.

ఆగస్టు 13

పొద్దున యాకమ్మ వాళ్ళు గేటు దాటి లోపలికి వచ్చారు. యాకమ్మ నా దగ్గరికి వచ్చి, తడిచిన నా చెయ్యి పట్టుకుని పోయింది. మిగతావాళ్ళు రాలేదు. రావాలని నేను కూడా అనుకోలేదు.

మధ్యాహ్నం రావు సార్ గదికి పోయి, మానేస్తున్నానని చెప్పాను. ఆయన చిక్కిపోయాడు. చాలాసేపు కిటికీలోంచి యార్డు చూశాడు. నేను మంచి చేద్దామనే వచ్చాను అనీస్ గారూ అన్నాడు. తొడుగులు తెప్పించింది నేనే కదా అన్నాడు. అవునన్నాను. ఆయన నిజంగానే తెప్పించాడు. అదే నాకు మింగుడు పడనిది. చెడ్డవాడై ఉంటే నా నమ్మకమే తప్పని సరిపెట్టుకునేదాన్ని.

రిజైన్ చేయడానికి కారణం ఏమని రాసుకోమంటారు అని అడిగాడు.

కారణాలు చెప్పడం మానేశాను సార్ అన్నాను.

గేటు దగ్గర కట్టయ్యకు మొక్కాను. మల్లక్క తరఫున కూడా.

ఆగస్టు 14

హసన్‌పర్తి పోయాను. చెరువు కింద మడిలో మల్లక్క గోంగూర కట్టలు కడుతోంది. ముడవని వేళ్ళను పక్కకు పెట్టి, మిగతా వాటితో కడుతోంది. నన్ను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి నార ముందుకు తోసింది. కూర్చుని కడుతూ, నిన్న మానేశానని చెప్పాను.

ఎందుకు మానేశావని ఆమె అడగలేదు.